అటక మీది కెమెరాలో రీలు ఉంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. బ్యాంకులో పని చేస్తాను. ఈ మధ్య ఇంటికి రంగులు వేయిస్తూ అటక సర్దుతుంటే మా మామగారి కెమెరాలు రెండు బయటపడ్డాయి. ఒకటి ఆగ్ఫా క్లిక్ 3, రెండోది యాషికా ఎలక్ట్రో 35. ఆయన పోయి చాలా ఏళ్లయింది. యాషికాలో రీలు ఉన్నట్టుంది, పైన చిన్న కిటికీలో 22 అంకె కనిపిస్తోంది. లెన్సు లోపల సాలెగూడులా తెల్లగా ఏదో పట్టింది. నాకు వీటితో నిజంగా ఫోటోలు తీయాలని ఉంది. మావారేమో చేతిలో ఫోన్ పెట్టుకుని రీళ్లకు డబ్బు తగలేయడం దేనికి, అద్దాల బీరువాలో పెట్టుకో అంటున్నారు. అత్తయ్య ఏమీ అనరు గానీ, నేను ఆ కెమెరా చేతిలోకి తీసుకుంటే ఆవిడ ముఖం అదోలా అయిపోతుంది. యూట్యూబ్‌లో చూస్తే ఇవి కాదు, ఇంకో మంచి పాత కెమెరా కొనుక్కోమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మిగతా సంగతులు తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు ఒక్క పని మాత్రం చేయకండి. యాషికా వెనక తలుపు తెరవకండి. పిల్లలెవరైనా ఆడుకుంటూ తెరిచేస్తారనుకుంటే దానికి అడ్డంగా ఒక టేపు అంటించి పెట్టండి. లోపల ఉన్నది మీ మామగారు తీసిన ఆఖరి రీలు కావచ్చు. ఒక్కసారి వెలుతురు తగిలిందంటే మళ్లీ దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

రీలు నిజంగా ఉందో లేదో తెరవకుండానే తెలుసుకోవచ్చు. కెమెరా పైన ఎడమ చేతి వైపు చిన్న మడత పిడి ఉంటుంది. దాన్ని విప్పి, బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి చూడండి. ఎంత తిప్పినా వదులుగా తిరుగుతూనే ఉంటే లోపల ఏమీ లేనట్టు, లేదా రీలు అప్పటికే డబ్బాలోకి చుట్టేసి ఉన్నట్టు. కొంచెం తిరిగి బిగుసుకుందా, రీలు ఉంది. అప్పుడు బలవంతం చేయకండి. కెమెరా అడుగున చిన్న బొత్తాం ఉంటుంది, దాన్ని నొక్కితే పళ్ల చక్రం వదులవుతుంది. ఆ తర్వాత పిడిని నిదానంగా తిప్పుతూ పోండి. వేళ్లకు బరువు తెలుస్తూ ఉంటుంది. ఒక చోట చిన్న గుంజులాట వచ్చి, ఆ వెంటనే పిడి తేలికైపోతుంది. రీలు అవతలి ఇరుసు నుంచి ఊడి డబ్బాలోకి వచ్చేసిందని అర్థం. ఇంకో నాలుగైదు చుట్లు తిప్పి, అప్పుడు తెరవండి. పాత ఫిల్ము ఎండి పెళుసెక్కి ఉంటుంది కాబట్టి తొందరపడితే తెగుతుంది. తిప్పుతుండగా ఎక్కడైనా పూర్తిగా ఇరుక్కుంటే ఆపేసి, అలాగే మూసి ఉన్న కెమెరాను తెలిసిన లాబ్ వాళ్లకి అప్పగించండి. వాళ్లు చీకట్లో తెరిచి తీస్తారు.

డబ్బా చేతికొచ్చాక దాని మీద రాసింది చదవండి. అందులో మీకు కావలసింది ఏ రసాయనాల్లో కడగాలో చెప్పే గుర్తు. సి-41 అని ఉంటే 1972 తర్వాత వచ్చిన మామూలు కలర్ పద్ధతి. సి-22 అని ఉంటే అంతకంటే పాతది. దాన్ని పొరపాటున సి-41 యంత్రంలో వేస్తే అక్కడి 38 డిగ్రీల వేడికి ఫిల్ము మీది పూతే కరిగి ఊడిపోయే ప్రమాదం ఉంది. సి-41 రీలే అయినా ఇన్నేళ్లు అటక మీద మన ఎండాకాలాలు చూసింది కదా, రంగులు చాలావరకూ చచ్చిపోయి ఉంటాయి. అందుకే ఇలాంటి పాత కలర్ రీళ్లను బ్లాక్ అండ్ వైట్ మందులో కడిగించడం మేలు. రంగు పోతే పోయింది, బొమ్మ దక్కే అవకాశం ఎక్కువ. ఈ పని ఊళ్లో పెళ్లి ఫోటోలు ప్రింట్లు వేసే దుకాణంలో అయ్యేది కాదు. ఇప్పటికీ ఫిల్ము కడిగే లాబ్‌లు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై లాంటి చోట్ల ఉన్నాయి, కొరియర్‌లో పంపితే కడిగి, స్కాన్ చేసి పంపుతాయి. పంపే ముందు ఫోన్ చేసి, పాత రీళ్లను విడిగా చేత్తో కడుగుతారా లేక అందరి రీళ్లతో కలిపి యంత్రంలో వేస్తారా అని అడగండి. విడిగా కడిగేవాళ్లకే ఇవ్వండి. ఏమీ రాకపోవచ్చు, మసక మసగ్గా నాలుగు రావచ్చు. ఆ సంగతి అత్తయ్యగారికి ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఆవిడ సంగతి వచ్చింది కాబట్టి దాని గురించీ చెబుతాను. ఆవిడ మిమ్మల్ని వద్దనలేదు. ఆ వస్తువు ఆయన చేతిలో తప్ప ఇంకొకరి చేతిలో చూసి ఉండరు. మీరు కెమెరా పక్కన పెట్టి, మామగారు దాన్ని ఎప్పుడు తీసేవారు, ఎవరు తెచ్చిచ్చారు, ఫోటోలు ఎక్కడ కడిగించేవారు అని అడిగి చూడండి. మీకు వాడకం గురించి పనికొచ్చే మాటలూ దొరుకుతాయి. ఎలక్ట్రో 35 లాంటి జపాన్ కెమెరాలు అప్పట్లో ఇక్కడ దుకాణానికి వెళ్లి కొనుక్కునేంత సులువుగా దొరికేవి కావు. సింగపూర్ నుంచో గల్ఫ్ నుంచో వచ్చే చుట్టాలో స్నేహితులో తెచ్చినవే ఎక్కువ. క్లిక్ 3 మన దేశంలోనే తయారైంది. దాంట్లో వేసే పెద్ద 120 రీలు కూడా ఒకప్పుడు ఊటీలో తయారయ్యేది. హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అని ప్రభుత్వ సంస్థ 1960లో పెట్టారు, 1967 నుంచి ఫిల్ము తయారు చేసింది. వాళ్ల బ్లాక్ అండ్ వైట్ రీలు పేరు 'ఇందు'. అత్తయ్యగారికి ఆ డబ్బా గుర్తుండే ఉంటుంది. అలాగే పాత నెగటివ్‌లు ఎక్కడున్నాయో కూడా అడగండి. చీరల పెట్టెలోనో, పెళ్లి ఆల్బమ్ వెనక కవర్లోనో ఉంటాయి. వాటిలో వేటికైనా వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తుంటే ఆ ఫిల్ము పాడవడం మొదలైందని గుర్తు. వాటిని మిగతావాటి నుంచి వేరు చేసి, ముందు వాటినే స్కాన్ చేయించండి. ఆ ఆవిరి పక్కనున్న నెగటివ్‌లకూ చెరుపు చేస్తుంది.

ఇక మీవారి మాట. డబ్బు లెక్కలో ఆయన చెప్పింది నిజమే, దాన్ని కాదనకండి. ఒక కలర్ రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించే ఖర్చు కలిపితే వెయ్యి దాటుతుంది, వచ్చేది 36 ఫోటోలు. ఫోన్ ఫోటో స్పష్టంగా ఉంటుంది, చీకట్లోనూ పడుతుంది, ఖర్చూ లేదు. ఫిల్ము వల్ల ఫోటో మెరుగవుతుందని నేను చెప్పను. తీసే మనిషి మాత్రం మారుతుంది. వేలు నొక్కే ముందు వెలుతురు ఎటు నుంచి వస్తోంది, ఆ గోడకు ఎంత దూరంలో నిలబడాలి, ఇది తీయవలసిన ఫోటోనా కాదా అని చూస్తాం. తీశాక వెంటనే చూసుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి కళ్లు ఎదురుగా ఉన్న మనిషి మీదే ఉంటాయి. ఆ ఆనందం కోసం నెలకి ఒక రీలు ఖర్చు మీ జీతంలో భారం కాకపోతే నిశ్చింతగా పెట్టుకోండి. నెలకి ఒకటి చాలు. అంతకుమించి తీస్తే ముందు రీలు చూసి నేర్చుకునే వ్యవధి ఉండదు.

అద్దాల బీరువా మాత్రం వద్దే వద్దు. పాత కెమెరాని వాడకుండా కూర్చోబెడితేనే పాడవుతుంది. లోపలి జిడ్డు గట్టిపడుతుంది, వెలుతురుని లోపలికి వదిలి మూసే షట్టరు రేకులు అంటుకుపోతాయి. లెన్సులో మీరు చూసిన సాలెగూడు కూడా అలా వచ్చిందే. దాన్ని ఫంగస్ పట్టడం అంటారు. గోదావరి జిల్లాల తేమలో, తోలు సంచిలో మూసి ఉంచిన కెమెరాకి అది పట్టకపోతేనే ఆశ్చర్యం. తోలు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. ఇవాళే ఆ తోలు కవర్లోంచి తీసేయండి. కవరు జ్ఞాపకంగా విడిగా దాచుకోండి. కెమెరాను గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. రంగు మారే రకం కొంటే తేమ పీల్చేసిందో లేదో తెలుస్తుంది. పొట్లాలు నిండితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. బట్టల బీరువాలో కలరా ఉండల పక్కన మాత్రం కెమెరానీ రీళ్లనీ పెట్టకండి, ఆ ఆవిరి మంచిది కాదు. పట్టిన ఫంగస్ కొద్దిగా అంచుల్లో ఉంటే ఫోటోలో తెలియను కూడా తెలియదు. ఎదురు వెలుతురులో తీసినప్పుడు కొంచెం పొగ కమ్మినట్టు వస్తుంది, అంతే. మధ్యలో దట్టంగా ఉంటే లెన్సు విప్పి తుడవగలిగిన మెకానిక్‌కి చూపించండి. ఆలస్యం చేస్తే గాజు మీది పూతను తినేసి శాశ్వతంగా మచ్చ మిగులుతుంది. మీరే స్క్రూలు విప్పే ప్రయత్నం మాత్రం చేయకండి.

ఏ కెమెరాతో మొదలుపెట్టాలని అడిగారు. నా ఓటు యాషికాకే. క్లిక్ 3 ముద్దొచ్చే కెమెరా, దాంట్లో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ 120 రీలుకి పన్నెండే ఫోటోలు, షట్టరు నెమ్మది, చేయి కాస్త కదిలినా చెదిరిపోతుంది. నేర్చుకునే దశలో ఎక్కువ ఫోటోలిచ్చే, యాషికాలో వేసే 35 ఎంఎం రీలు మేలు. పైగా ఎలక్ట్రో చాలా మంచి కెమెరా. 1966లో ఈ వరస మొదలైంది. 45 ఎంఎం లెన్సు, ఎఫ్ 1.7 దాకా తెరుచుకుంటుంది (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు కన్నం అంత పెద్దది) కాబట్టి సాయంత్రపు వెలుతురులో కూడా పని చేస్తుంది. ఎంత తెరవాలో మీరు చెబితే, షట్టరు ఎంతసేపు తెరిచి ఉంచాలో అదే నిర్ణయించుకుంటుంది.

దీనితో వచ్చే మొదటి చిక్కు బ్యాటరీ. అప్పట్లో దీనికి వేసే 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు తయారు కావడం లేదు. దాని బదులు 4ఎల్ఆర్44 అనే 6 వోల్టుల చిన్న బ్యాటరీ వేస్తారు. ఇది పొట్టిగా సన్నగా ఉంటుంది కాబట్టి చుట్టూ మందపాటి కాగితం గొట్టంలా చుట్టి, మిగిలిన ఖాళీలో చిన్న స్ప్రింగో మడిచిన అల్యూమినియం రేకో పెడితే సరిపోతుంది. కొట్టువాడు చూడటానికి అలాగే ఉందని కాలింగ్ బెల్ రిమోట్లకి వేసే 23ఏ బ్యాటరీ ఇస్తాడు, అది 12 వోల్టులు, పొరపాటున కూడా వేయకండి. బ్యాటరీ గదిలో తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే దూది పుల్లని నిమ్మరసంలో తడిపి తుడిచి, బాగా ఆరనిచ్చాక వేయండి. తర్వాత వెనకవైపు ఉన్న బ్యాటరీ బొత్తాం నొక్కండి. ఆకుపచ్చ లైటు వెలిగితే ప్రాణం ఉన్నట్టే.

రీలు తీసేశాక, ఖాళీ కెమెరా వెనక తలుపు తెరిచి ఈ పరీక్ష చేయండి. లెన్సు చుట్టూ ఉన్న రింగుని ఆటో దగ్గర, అపెర్చరు, అంటే లెన్సు కన్నం, ఎఫ్ 16 దగ్గర పెట్టండి. వెనక నుంచి లెన్సులోకి చూస్తూ కెమెరాను గదిలో చీకటి మూలకి తిప్పి నొక్కండి. షట్టరు తెరుచుకుని, కాసేపు అలాగే ఉండి మూసుకోవాలి. ఇప్పుడు కిటికీ వైపు తిప్పి నొక్కండి. కళ్లార్పేలోపే మూసుకోవాలి. ఈ తేడా స్పష్టంగా కనబడితే లోపల వెలుతురు కొలిచే మీటరు, సర్క్యూటు రెండూ పని చేస్తున్నాయి. రీలుని ముందుకు నడిపే మీట తిప్పేటప్పుడు చెవి కూడా పెట్టండి. బాగున్న ఎలక్ట్రోలో మీట తిప్పుతుంటే లోపల టక్కుమని బరువైన చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు లేకుండా మెత్తగా తిరిగిపోతుంటే లోపలి చిన్న రబ్బరు ముక్క అరిగిపోయిందని అర్థం. ఈ మోడల్‌కి అది అందరికీ తెలిసిన జబ్బు. అప్పుడు షట్టరు వేగాలు తప్పుతాయి, మెకానిక్ ఆ ముక్క మార్చాలి. తలుపు అంచుల్లో నల్లటి స్పాంజి ఉంటుంది, ఇన్నేళ్లకి అది తారులా జిగురెక్కి ఉంటుంది. టూత్‌పిక్‌తో, కాస్త స్పిరిట్‌తో దాన్ని గీకేసి ఆ గాడిలో నల్ల ఊలు దారం అతికించండి. లేకపోతే ఫోటోల మీద ఎర్రటి చారలు పడతాయి.

బ్యాటరీ దొరకడం ఆలస్యమైతే కెమెరా పక్కన పడేయనక్కర్లేదు. బ్యాటరీ లేకపోయినా ఎలక్ట్రో షట్టరు పడుతుంది, ఒకే వేగంతో, సెకనులో అయిదు వందలో వంతు. ఫోటోగ్రాఫర్లకి ఒక పాత సూత్రం ఉంది. నడినెత్తి మీద ఎండ ఉన్నప్పుడు అపెర్చరు ఎఫ్ 16 దగ్గర పెట్టి, ఫిల్ము స్పీడు (వెలుతురుకి అది ఎంత చురుకో చెప్పే, డబ్బా మీది అంకె) ఎంతో షట్టరు వేగం దాదాపు అంతే పెట్టాలి. 400 స్పీడు రీలుకి అయిదు వందలో వంతు. అంటే 400 రీలు వేసి, ఎఫ్ 16 పెట్టుకుని పుష్కర ఘాట్ మెట్ల మీదకి మధ్యాహ్నం వెళ్తే బ్యాటరీ లేకుండానే సరైన ఫోటో వస్తుంది. పల్చటి మబ్బు పడితే ఎఫ్ 11, బాగా మూసుకుంటే ఎఫ్ 8, వరండా నీడలో ఎఫ్ 5.6 లేదా 4. ఇసుక తిన్నెల మీద, నీళ్ల మీద ఎండ మెరిసే చోట ఇంకో మెట్టు తక్కువ, అంటే సగం వెలుతురు చాలు. కెమెరాలో మీటరు ఉన్నా ఈ లెక్క రావాలి. బ్యాటరీ వేశాక, కన్ను పెట్టి చూసే వ్యూఫైండరులో మీకు రెండు లైట్లు కనిపిస్తాయి. ఎర్రది వెలిగితే వెలుతురు మరీ ఎక్కువైంది, అపెర్చరు మూయమని. పసుపుపచ్చది వెలిగితే షట్టరు ముప్పయ్యో వంతు కంటే నెమ్మదించింది, చేయి కదిలితే చెదురుతుంది, కెమెరాను గోడకో స్తంభానికో ఆనించమని. లెక్క తెలిసినవాళ్లకి ఎర్ర లైటు ఎందుకు వెలిగిందో కారణం కూడా తెలుస్తుంది.

మొదటి రెండు మూడు రీళ్లు కలర్‌వే వేయండి. కొడాక్ గోల్డ్ 200 లాంటిది చాలు, లాబ్‌లో కడిగించండి. దానికి నా కారణం చెబుతాను. మొదట్లోనే మీరే ఇంట్లో కడిగితే, ఫోటో చెడినప్పుడు తప్పు కెమెరాదో, మీ చేతిదో, మందుదో తేలదు. లాబ్ కడిగితే అనుమానం కెమెరా మీద, మీ మీద మాత్రమే మిగులుతుంది. రీలు వేసేది నీడలో వేయండి. నాలుకలా ఉన్న కొసని కుడివైపు ఇరుసు గాడిలో దూర్చి, రెండు అంచుల కన్నాల్లోనూ పళ్లు పడేదాకా మీట తిప్పి, అప్పుడు తలుపు మూయండి. తర్వాత ఎడమ పిడిని బాణం వైపు మెల్లగా తిప్పి వదులు తీసేయండి. ఇక మీట తిప్పిన ప్రతిసారీ ఆ ఎడమ పిడి తనంతట తాను వెనక్కి తిరుగుతోందా లేదా చూడండి. తిరుగుతుంటే రీలు నడుస్తోంది. తిరగకపోతే కొస జారిపోయింది, మీరు ఎన్ని నొక్కినా ఒక్క ఫోటో కూడా పడదు. పాత స్టూడియో వాళ్లు మాట్లాడుతూనే ఓరకంటితో చూసుకునేది ఆ పిడినే. ఫిల్ము స్పీడు అంకె కెమెరా మీద సరిచేయడం, ఫోకస్‌కి మధ్యలోని పసుపు చుక్కలో రెండు బొమ్మలు ఒకటయ్యేదాకా తిప్పడం, ఈ రెండూ మొదటి రీలు అయ్యేసరికి అలవాటైపోతాయి. వెలుతురు విషయంలో అనుమానం వస్తే కలర్ నెగటివ్‌కి ఒక మెట్టు ఎక్కువే ఇవ్వండి. ఎక్కువైతే అది తట్టుకుంటుంది, తక్కువైతే నీడలన్నీ బురద రంగులోకి పోతాయి.

ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుని ప్రతి ఫోటోకి అపెర్చరు, వెలుతురు ఎలా ఉంది, ఎంత దూరం అనేవి రాసుకోండి. విషయం కూడా ఒకటే పెట్టుకోండి. మీ ఊళ్లో నాకు తోచేది పాత హేవ్‌లాక్ వంతెన. 1900లో కట్టింది, 1997లో రైళ్లు ఆగిపోయాయి. అదే గోదావరి మీద 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన కూడా ఉంది. పొద్దున్నే ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టేవేళ ఒకసారి అదే చోట నిలబడి తీస్తే వెలుతురు గురించి ఏ వీడియో చెప్పలేనంత తెలుస్తుంది. మనుషుల ఫోటోలు కావాలంటే కడియం నర్సరీల్లో పొద్దుటి పని వేళ వెళ్లండి. అడిగి తీయండి. ఫిల్ము కెమెరా చూస్తే పెద్దవాళ్లు ఇట్టే మాటల్లో పడతారు.

అమెరికాలోనో మరో చోటో ఉన్న చుట్టాలు రీళ్లు తెస్తామంటే సంతోషంగా తెమ్మనండి. కానీ పెద్ద సూట్‌కేసులో పెట్టొద్దని, చేతి సంచిలోనే పెట్టుకుని, విమానాశ్రయంలో స్కానర్‌లో వేయకుండా చేత్తో చూడమని అడగమని చెప్పండి. సూట్‌కేసులు వెళ్లే యంత్రాలు, ఈ మధ్య చేతి సంచులకి కూడా పెడుతున్న సీటీ స్కానర్లు రెండూ కడగని ఫిల్మును మసకబారుస్తాయి.

కెమెరా మీద నమ్మకం కుదిరాక బ్లాక్ అండ్ వైట్ ఇంట్లోనే కడగండి. ఈ సరదాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. దీనికి చీకటి గది కూడా అక్కర్లేదు. చేతులు దూర్చే నల్ల సంచి, మూత ఉన్న డెవలపింగ్ ట్యాంకు, ఒక థర్మామీటరు, బొమ్మను పైకి తెచ్చే మందు డి-76 పొడి, ఆ బొమ్మను నిలిపే ఫిక్సరు ఉంటే చాలు. ఒక పాత పనికిరాని రీలుని బల్ల మీద వెలుతురులోనే ట్యాంకు చక్రంలోకి ఎక్కించడం సాధన చేయండి. తర్వాత కళ్లు మూసుకుని, ఆ తర్వాతే సంచిలో. పుస్తకాల్లో రాయని చిక్కు ఒకటి మన దగ్గర ఉంది. మే నెలలో ఆ సంచిలో చేతులు పెట్టి రెండు నిమిషాలయ్యేసరికి అరచేతులు చెమటతో తడిసిపోతాయి. తడి తగిలిన ఫిల్ము చక్రం గాడిలో సగంలో అంటుకుపోయి ముందుకీ వెళ్లదు, వెనక్కీ రాదు. అప్పుడు గుంజకండి. ఫిల్మునీ చక్రాన్నీ ట్యాంకులో పెట్టి మూత బిగించి, చేతులు బయటికి తీసి తుడుచుకుని, ఫ్యాను కింద చల్లబడ్డాక మళ్లీ మొదలుపెట్టండి. నేనైతే ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామునే చేసుకుంటాను.

రెండో చిక్కు నీళ్ల వేడి. మందు డబ్బాల మీద లెక్కలన్నీ 20 డిగ్రీలకి రాసి ఉంటాయి. మన కుళాయిలో ఎండాకాలం 30 దాటి వస్తుంది. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే బ్లాక్ అండ్ వైట్ రీలుని, పొడి కరిగించాక ఇంకా నీళ్లు కలిపి పలచన చేయని డి-76లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు కడగాలి. వేడి పెరిగేకొద్దీ ఒక్కో డిగ్రీకి సమయం సుమారు పదో వంతు తగ్గించుకుంటూ పోవాలి. 24 డిగ్రీల దగ్గర దాదాపు అయిదు నిమిషాలు సరిపోతుంది. అంతకంటే వేడిగా వద్దు, సమయం మరీ తగ్గి కడుగుడు సమంగా రాదు. ఐసు ముక్కలు మందులో వేయకూడదు, పలచబడిపోతుంది. బకెట్లో చల్లటి నీళ్లు పోసి మందు సీసాల్ని అందులో నిలబెట్టండి. మందు, ఫిక్సరు, కడిగే నీళ్లు అన్నీ ఇంచుమించు ఒకే వేడిలో ఉండాలి. ఆఖరి తడుపు ఆర్‌ఓ నీళ్లతో చేయండి, బోరు నీళ్లయితే ఎండాక నెగటివ్ మీద తెల్ల మచ్చలు మిగులుతాయి. ఆరేసేది స్నానాల గదిలో. కాస్త తడి ఉన్న గదిలో దుమ్ము లేవదు. వాడేసిన ఫిక్సరులో వెండి ఉంటుంది. పాత స్టూడియోల నుంచి వాడిన హైపో, అంటే ఈ ఫిక్సరే, కొనుక్కుని వెండి తీసేవాళ్లు ఉండేవారు. మొక్కల్లో, బావి పక్కన మాత్రం పారబోయకండి. డబ్బాలో దాచి, ఫిల్ము లాబ్ ఏదైనా తీసుకుంటుందేమో అడగండి.

ఇక మీ చివరి ప్రశ్న, ఇంకో కెమెరా కొనాలా అని. ఇప్పుడు వద్దు. ఈ సరదాలోకి వచ్చినవాళ్లలో చాలామంది కెమెరాలు పోగేయడంలో పడిపోయి ఫోటోలు తీయడం మానేస్తారు. బీరువా నిండుతుంది, ఆల్బమ్ నిండదు. ఒక ఏడాది యాషికాతోనే తీయండి. అప్పటికి దగ్గర నుంచి తీయాలనో, లెన్సులు మార్చుకోవాలనో మీకే గట్టిగా అనిపిస్తే, అప్పుడు 1976 నుంచి 1997 దాకా తయారైన పెంటాక్స్ కే1000 లాంటి దాన్ని చూడండి. దాంట్లో బ్యాటరీ మీటరుకి మాత్రమే, షట్టరు బ్యాటరీ లేకుండానే అన్ని వేగాల్లోనూ పని చేస్తుంది. రష్యా నుంచి వచ్చిన జెనిట్‌లు మన దగ్గర ఇంకా చవగ్గా కనిపిస్తాయి, బరువెక్కువ, లెన్సు బాగుంటుంది. జెనిట్-ఈ మీద ఉండే సెలీనియం మీటరు ఈపాటికి చచ్చిపోయి ఉంటుందనే అనుకుని కొనండి. హైదరాబాద్ వెళ్లినప్పుడు ఎర్రగడ్డ ఆదివారం సంతలాంటి చోట కొనేటట్టయితే వెనక తలుపు తీసి, ఒక సెకను వేగం ఉంటే దాని దగ్గర పెట్టి నొక్కి, నిజంగా సెకను పడుతోందో లేదో చూడకుండా డబ్బులివ్వకండి. సెల్ఫ్ టైమర్ మీటని మాత్రం ముట్టుకోకండి. పాత కెమెరాల్లో అది మధ్యలో ఆగిందంటే షట్టరు మొత్తం బిగుసుకుపోతుంది. బంగారు పూతతో, చెక్క తాపడంతో మెరిసిపోతూ, ఖరీదైన జర్మన్ కెమెరా లైకా పేరున్నది చవగ్గా ఇస్తామంటే అది ఫెడ్ లేదా జోర్కీ అనే రష్యన్ కెమెరాకి వేషం వేసిందే. బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.

ముందు మాత్రం ఆ రీలు బయటికి తీయించండి. మిగతావన్నీ దాని తర్వాతే.